ఇంట్లో గొడవల వల్లే మా బాబు ఇలా అయ్యాడా?

పేరు రాయవద్దని కోరుతూ ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం పంపారు. సారాంశం ఇది.

ఆమెకు ఇద్దరు పిల్లలు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. ఎనిమిది నెలల కిందట భర్త ఉద్యోగం పోయింది. అద్దె భరించలేక చిన్న ఇంటికి మారారు. స్కూల్ మాత్రం పాతదే. ఇల్లు మారిన నెలన్నరకి బాబుకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. డాక్టర్లకు చూపించారు, స్కాన్ తీయించారు, ఏమీ లేదన్నారు. ఇప్పుడు వారంలో రెండు రోజులు స్కూల్‌కి వెళ్తే గొప్ప. "ఒక కాలికి షూ వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుండిపోతాడు. లేస్ కడతాడు, విప్పుతాడు, మళ్లీ కడతాడు. రెండో షూ పక్కనే పడి ఉంటుంది. బస్సు వెళ్లిపోయిందని తెలిస్తే గానీ లేవడు. పదకొండింటికల్లా నొప్పీ ఉండదు, ఏమీ ఉండదు, మామూలుగా ఆడుకుంటాడు" అని రాశారు. ఎప్పుడో పోయిన పక్క తడిపే అలవాటు మళ్లీ వచ్చింది. స్కూల్‌కి వెళ్లిన రోజున కూడా టీచర్‌ని బతిమాలి ఫోన్ చేయించుకుని "అమ్మా, ఇంట్లోనే ఉన్నావా?" అని అడుగుతాడు.

ఇంట్లో తలో మాట. భర్త ఒకరోజు నాటకాలంటారు, కోపంలో ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నారు. ఇంకోరోజు "మా అన్నయ్య కూడా చిన్నప్పుడు ఇంతే, రక్తంలోనే ఉంది, ఉద్యోగం దొరికితే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. అత్తగారు "నువ్వు ముద్దు చేసి పాడుచేశావు" అంటారు. టీచర్ సైకాలజిస్ట్‌కి చూపించమన్నారు. బాబు కడుపులో ఉన్నప్పుడు చాలా టెన్షన్ పడ్డానని, దాని ఫలితమేనేమోనని ఆమె భయం. "ఒకే ఇంట్లో పెరుగుతున్న పాప హాయిగా ఉంది, మరి వీడికే ఎందుకు? స్కూల్ మార్చాలా? పిల్లల్ని తీసుకుని కొన్నాళ్లు మా అమ్మ దగ్గరికి వెళ్లిపోనా? మందులు వాడాలా? మేమిద్దరం గొడవపడే మాట నిజమే. కానీ పిల్లల ముందు ఎప్పుడూ పడలేదు. వాళ్లు పడుకున్నాక, తలుపు వేసుకునే మాట్లాడుకుంటాం" అన్నారు. చివర్లో ఇలా రాశారు: "ఈ మధ్య రెండుసార్లు రాత్రి తలుపు తీసేసరికి మా గది గడప దగ్గర దుప్పటి కప్పుకుని నేల మీద పడుకుని ఉన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఎత్తుకెళ్లి మంచం మీద పడుకోబెట్టాను."

*

అమ్మా,

మీ ఉత్తరం అంతా ఒక ఎత్తు, ఆ చివరి మాట ఒక ఎత్తు. అది చదివాక మొదటి పేజీకి వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను.

తొమ్మిదేళ్ల పిల్లాడు మెత్తటి మంచం వదిలి మీ గడప దగ్గర నేల మీద ఎందుకు పడుకుంటాడు? నాకు తోచింది చెప్తాను. వాడు కాపలా కాస్తున్నాడు. లోపల ఏం జరుగుతోందో తెలియదు, గొంతులు మాత్రం వినిపిస్తాయి. తను నిద్రపోతే ఏమైనా అయిపోతుందేమోనని భయం. స్కూల్ నుంచి "ఇంట్లోనే ఉన్నావా?" అని అడగడం కూడా ఆ కాపలాలో భాగమే. పొద్దున్నే గుమ్మం దాటాలంటే ఆ కాపలా వదిలిపెట్టి వెళ్లాలి. కడుపునొప్పి వచ్చేది సరిగ్గా అప్పుడే. స్కూల్‌కి వెళ్లనని మొండికేసే పిల్లలందరికీ భయం స్కూల్ మీదే ఉండదు. చాలామందికి భయం ఇంటిని వదిలి వెళ్లడం మీద ఉంటుంది. మీ బాబుది అలాంటిదేనని నా అంచనా.

అంచనా అనే అంటున్నాను, ఎందుకంటే వాణ్ని నేను చూడలేదు. బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొడుతున్నారా, టాయిలెట్‌కి వెళ్లాలంటే భయమా, ఏదైనా పాఠం అర్థం కాక సిగ్గుపడుతున్నాడా అన్నది తప్పకుండా కనుక్కోండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే "ఏమీ లేదు" అంటాడు. బట్టలు మడతపెడుతూనో, పక్కపక్కన నడుస్తూనో "స్కూల్లో ఏ టైమ్ నీకు అస్సలు నచ్చదు?" అని అడిగి చూడండి. కళ్లలోకి చూడక్కర్లేనప్పుడు పిల్లలకు మాట తేలిగ్గా వస్తుంది.

ఆ కడుపునొప్పి మాత్రం నాటకం కాదు. భయం పుట్టినప్పుడు మెదడు నుంచి పేగులకు సంకేతాలు వెళ్తాయి. కడుపు నిజంగానే మెలిపెడుతుంది. బస్సు వెళ్లిపోగానే భయం దిగుతుంది, దాంతోపాటే నొప్పీ దిగుతుంది. పదకొండింటికి ఆడుకుంటున్నాడు కాబట్టి పొద్దున అబద్ధం చెప్పాడని మీవారు అనుకుంటున్నారు. భయం వల్ల వచ్చే నొప్పి తీరే అంత. ఇంకొక్కటి, పక్క తడపడం మళ్లీ మొదలైంది కాబట్టి మూత్రం, షుగర్ పరీక్షలు కూడా జరిగాయో లేదో చూసుకోండి. టెన్షన్ వల్ల కావడమే ఎక్కువ, అయినా ఆ రెండూ చూడకుండా వదలకూడదు.

ఇక తలుపు సంగతి. "పిల్లల ముందు ఎప్పుడూ పడలేదు" అన్న మాట మీరు నిజాయితీగానే రాశారు. కానీ ఇల్లు చిన్నది, గోడ పలచన. 2013లో అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడాది లోపు పసిపిల్లలు నిద్రపోతుండగా వాళ్ల మెదడుకి స్కాన్ తీస్తూ రకరకాల గొంతులు వినిపించారు. తల్లిదండ్రుల మధ్య గొడవలు ఎక్కువగా ఉన్న ఇళ్ల పిల్లల మెదడులో, కోపంగా ఉన్న గొంతుకి స్పందన ఎక్కువగా కనిపించింది. మాటలు రాని పసివాళ్లు, అదీ నిద్రలో. మీవాడు తొమ్మిదేళ్లవాడు, మెలకువగా ఉన్నాడు, పైగా వింటున్నాడు. సగం మాటలే వినిపిస్తాయి కాబట్టి మిగతా సగం వాడే కల్పించుకుంటాడు. పిల్లలు అలా కల్పించుకునేది అసలు జరిగినదానికంటే ఎప్పుడూ భయంకరంగానే ఉంటుంది. అమ్మ వెళ్లిపోతుంది, నాన్నకి ఏదో అవుతుంది, ఇదంతా నా స్కూల్ ఫీజు వల్లే. ఇలాంటి మాటలు పిల్లల నోటి నుంచే నేను విన్నాను.

ఇది చదివి "అయితే మా వల్లే" అని మీరు కుంగిపోతారని తెలుసు. కాస్త ఆగండి. రక్తమా, పెంపకమా అని మీ ఇంట్లో జరుగుతున్న వాదనకి రెండు వైపులా కొంత నిజం ఉంది. ఎవరూ పూర్తిగా గెలవరు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చూస్తే, ఆందోళన సమస్యల విషయంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో సుమారు 30 నుంచి 40 శాతం వంశపారంపర్యంగా వచ్చేది. ఆటిజం, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోవడం) లాంటి వాటిలో అది చాలా ఎక్కువ. ఆందోళనలో మిగిలిందంతా పరిసరాలది, అనుభవాలది. మీ బాబు భయంలో ఇంత వంతు పెదనాన్నది, ఇంత వంతు ఇంటిది అని తూకం వేయడానికి ఈ లెక్క పనికిరాదు. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క. అయినా ఒక మాట చెప్పొచ్చు: వాడు బహుశా కాస్త బెరుకు స్వభావంతోనే పుట్టాడు. జెరోమ్ కేగన్ అనే మనస్తత్వవేత్త నాలుగు నెలల పసికందులకు కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు పరిచయం చేసి చూశారు. సుమారు ఐదుగురిలో ఒకరు గట్టిగా ఏడ్చి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నారు. అలాంటి వాళ్లలో చాలామంది పెద్దయ్యాక కూడా జాగ్రత్తపరులుగానే ఉన్నారు. అయితే జబ్బు అనదగ్గ ఆందోళన వచ్చింది వాళ్లలో కొందరికే. స్వభావం పుట్టుకతో వస్తుంది. అది జబ్బుగా ముదురుతుందా లేదా అన్నది చాలావరకు చుట్టూ ఉన్న ఇల్లు, బడి, మనుషుల మీద ఆధారపడుతుంది.

కడుపులో ఉన్నప్పుడు పడ్డ టెన్షన్ గురించి. గర్భిణి పడే తీవ్రమైన ఒత్తిడికీ పిల్లల మానసిక సమస్యలకీ సంబంధం ఉందని అధ్యయనాలు చెప్తున్న మాట నిజమే. కానీ ఎంత సంబంధం? మామూలు టెన్షన్ కంటే ఎంతో తీవ్రమైన ఉదాహరణ ఒకటి చూడండి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో భయంకరమైన కరువు వచ్చింది. ఆకలి తారస్థాయిలో ఉన్నప్పుడు కడుపున పడ్డ పిల్లల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు అయింది. రెట్టింపు అంటే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ జబ్బు మామూలుగా వచ్చేది సుమారు నూటికి ఒకరికి. అంటే అంతటి కరువులో కడుపున పడ్డ పిల్లల్లో కూడా అత్యధికులకు ఆ జబ్బు రాలేదు. అవకాశం పెరగడం వేరు, రాసిపెట్టి ఉండటం వేరు. తొమ్మిదేళ్ల కిందటి టెన్షన్‌ని మీరిప్పుడు ఎటూ మార్చలేరు. దాన్ని తవ్వుకుంటూ కూర్చుంటే బాబుకి ఒక్క పొద్దున కూడా తేలిక కాదు.

అత్తగారి మాటకి కూడా ఒకటి చెప్పాలి. పిల్లల మానసిక సమస్యలకి తల్లిని తప్పుపట్టడం కొత్తేమీ కాదు. తల్లి ప్రేమలో వెచ్చదనం లేకపోవడం వల్లే పిల్లలకు ఆటిజం వస్తుందని గత శతాబ్దం మధ్యలో పేరున్న నిపుణులే చెప్పారు. అది తప్పని తేలేలోపు ఎంతమంది తల్లులు ఆ నింద మోశారో. అందుకే నాకు "నీ పెంపకమే" అనే మాట వింటే బాధేస్తుంది. బాబు పుట్టుక, ఉద్యోగం పోవడం, ఇల్లు మారడం, రాత్రి గొంతులు, ఇవన్నీ కలిశాయి. అందులో ఒక్కటి లేకపోయినా కథ వేరుగా ఉండేదేమో.

పాప ఎందుకు హాయిగా ఉంది అని అడిగారు. ఒకే ఇల్లు అంటున్నారు గానీ ఇద్దరికీ అది ఒకే ఇల్లు కాదు. 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనిస్ డేనియల్స్ అనే పరిశోధకులు ఇదే ప్రశ్న వేశారు: ఒకే కుటుంబంలో పెరిగిన పిల్లలు ఒకరికొకరు ఇంత వేరుగా ఎందుకుంటారు? వాళ్లు చెప్పింది, పిల్లల్ని ఎక్కువగా మలిచేది ఇంట్లో అందరికీ ఉమ్మడిగా ఉన్నది కాదు, ఒక్కొక్కరికి విడిగా ఎదురయ్యేది అని. ఉద్యోగం పోయినప్పుడు పాపకి ఐదేళ్లు, దానికి ఉద్యోగమంటే ఏమిటో తెలియదు. బాబుకి ఎనిమిదేళ్లు, డబ్బు లేకపోవడమంటే ఏమిటో తెలిసిన వయసు. "నువ్వు పెద్దవాడివి, అర్థం చేసుకోవాలి" అని మీలో ఎవరో ఒకరు వాడితో అనే ఉంటారు. అందరం అంటాం. వాడు ఆ మాటని మనం అనుకున్నదానికంటే గట్టిగా పట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఒక భయం ఎందుకు మొదలైంది అన్నది ఒక ప్రశ్న, ఎందుకు ఆగట్లేదు అన్నది ఇంకో ప్రశ్న. మీ నాలుగు పేజీలూ మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగాయి. బాబుకి పనికొచ్చేది రెండోది. గుమ్మం దగ్గర కూర్చున్నాడు, నొప్పి వచ్చింది, బస్సు పోయింది, నొప్పి తగ్గింది, అమ్మ పక్కన రోజంతా ఉన్నాడు. వాడి మెదడు దీని నుంచి ఏం నేర్చుకుంది? ఇంట్లో ఉండిపోయాను కాబట్టే ఏమీ కాలేదు, కాపలా పనిచేసింది అని. మర్నాడు భయం ఇంకొంచెం బలంగా వస్తుంది. మీరు ప్రేమతో ఉండనిచ్చారు, భయం దాన్ని వాడుకుంది. మీవారు కొట్టిన రోజున ఇల్లు నిజంగానే ప్రమాదమని వాడికి రుజువైంది. రెండు దారులూ ఒక్క చోటికే చేరాయి.

మీరడిగినవి ఒక్కొక్కటే చూద్దాం.

ఉద్యోగం వచ్చేదాకా ఆగుదామా? అమెరికాలో నార్త్ కరోలినాలో జేన్ కాస్టెల్లో అనే పరిశోధకురాలి బృందం 1993 నుంచి సుమారు 1,400 మంది పిల్లల్ని ఏటా గమనిస్తూ వచ్చింది. మధ్యలో అక్కడి చెరొకీ తెగవాళ్ల ప్రాంతంలో కేసినో తెరిచారు, దాని లాభాల్లో తెగ కుటుంబాలన్నిటికీ వాటా అందింది. ఎవరి గొప్పా లేకుండా కొందరు పిల్లలు పేదరికం నుంచి బయటపడ్డారు. 2003లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఆ పిల్లల్లో మొండితనం, దుడుకు ప్రవర్తన బాగా తగ్గాయి. తల్లిదండ్రులకు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే తీరిక పెరగడమే ముఖ్య కారణంగా కనిపించింది. ఆందోళన, దిగులు మాత్రం అంతగా తగ్గలేదు. డబ్బు తిరిగొస్తే మీ ఇద్దరి ప్రాణం తెరిపిన పడుతుంది, సందేహం లేదు. బాబు భయం దానంతటదే పోతుందని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. స్కూల్ మానే రోజులు పెరిగేకొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుంది, ఈలోగా స్నేహితులు కూడా దూరమవుతారు.

స్కూల్ మారిస్తే? అక్కడ ఎవరైనా హింసిస్తున్నారని తేలితే, స్కూల్ వాళ్లు పట్టించుకోకపోతే, మార్చడమే సరి. లేదంటే ఇల్లు పోయిన పిల్లాడికి మిగిలిన ఒకే ఒక్క పాత చోటు కూడా పోతుంది. నేనైతే తొందరపడను.

మీ అమ్మగారి దగ్గరికి వెళ్లిపోవడం. ఇక్కడ మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. ఆ తలుపు వెనక మాటలేనా, లేక చేతులు కూడా లేస్తున్నాయా? వస్తువులు విసరడం, తోయడం, బెదిరించడం ఉన్నాయా? ఉంటే ఈ ఉత్తరంలోని మిగతా సలహాలన్నీ పక్కన పెట్టండి. ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి, మిగతావి తర్వాత. కేవలం మాటల గొడవే అయితే ఒక్కటి ఆలోచించండి: అక్కడికెళ్లాక బాబు కాపలా మానేయడు, నాన్న ఒంటరిగా ఉన్నాడని అక్కడి నుంచి మొదలుపెడతాడు. అమ్మ వెళ్లిపోతుందన్న వాడి ఊహ కూడా నిజమవుతుంది. మీకు నిజంగా ఊపిరాడక వెళ్లాల్సి వస్తే, ఎన్ని రోజులో, నాన్నతో ఏ టైమ్‌కి మాట్లాడతాడో ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇంట్లో ఉంటూ మార్చగలిగినవి నాకు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి రాత్రి గొడవలు. గొడవపడొద్దని చెప్పడం తేలిక, అప్పుల మధ్య అది జరిగే పని కాదు. మార్క్ కమింగ్స్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి చూపించింది ఏమిటంటే, పిల్లల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఎటూ తెగని గొడవ. గొడవ సర్దుకోవడం కళ్లారా చూసిన పిల్లలు, కనీసం సర్దుకుందని పెద్దల నోట విన్న పిల్లలు చాలా తేరుకుంటారు. మీ ఇంట్లో గొడవ తలుపు వెనకే జరుగుతోంది, రాజీ కూడా తలుపు వెనకే జరుగుతోంది. బాబుకి మొదటిది వినిపిస్తోంది, రెండోది వినిపించట్లేదు. డబ్బు లెక్కలు పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడో, బయట నడుస్తూనో మాట్లాడుకోండి. రాత్రి గొంతు లేచిందా, మర్నాడు ఇద్దరూ కలిసి వాడికి చెప్పండి: రాత్రి అద్దె గురించి అరుచుకున్నాం, తర్వాత మాట్లాడుకున్నాం, ఇలా చేద్దామనుకున్నాం.

రెండోది పొద్దున. ఎలి లెబోవిట్జ్ అనే మనస్తత్వవేత్త యేల్ విశ్వవిద్యాలయంలో ఒక చికిత్స రూపొందించారు. అందులో పిల్లల్ని అసలు కూర్చోబెట్టరు, తల్లిదండ్రులకే నేర్పిస్తారు. భయాన్ని ఒప్పుకుంటూనే, భయం అడిగినదల్లా ఇవ్వడం మెల్లగా తగ్గించడం. పిల్లలతో నేరుగా చేసే చికిత్సకి ఇది తీసిపోలేదని తేలింది. మీ ఇంటికి దీన్ని అన్వయిస్తే, "నీకు కడుపులో మెలిపెడుతోందని తెలుసు, అయినా వెళ్లగలవనీ తెలుసు" అని ప్రశాంతంగా, రోజూ అదే మాట. టీచర్‌తో మాట్లాడి మొదటి వారం సగం పూటే పంపండి. గేటు దగ్గర తెలిసిన మనిషి ఎదురొచ్చి తీసుకెళ్లాలి. ఫోన్ ఒక్కసారే, అదీ మధ్యాహ్నం. కొన్నాళ్లకి రోజు విడిచి రోజు, ఆ తర్వాత అసలు లేకుండా. వాణ్ని దింపేది మీవారైతే మంచిది. ఇప్పుడు ఆయన దగ్గర లేనిది డబ్బు, ఉన్నది తీరిక. నాన్న చెయ్యి పట్టుకుని రోజూ పది నిమిషాలు నడిస్తే, ఆ దెబ్బ తాలూకు భయం కరగడానికి కూడా ఒక దారి దొరుకుతుంది. కొట్టినందుకు తప్పయిందని ఆయన ఆ నడకలో ఒకసారి చెప్పగలిగితే మరీ మంచిది. దీనికి నష్టం కూడా ఉంది. మొదటి రెండు మూడు వారాలు ఏడుపు, నొప్పి పెరగొచ్చు. మధ్యలో ఒకరు జాలిపడి వదిలేస్తే మొదటి కంటే గట్టిపడుతుంది. అందుకే ఇద్దరూ ఒక్క మాట మీద ఉండగలమనుకున్నాకే మొదలుపెట్టండి.

టీచర్ చెప్పినట్టు పిల్లల సైకాలజిస్ట్‌కో, పిల్లల సైకియాట్రిస్ట్‌కో చూపించడం గురించి నా అభిప్రాయం అడిగితే, పైవన్నీ చేస్తూనే చూపించండి. ఇన్ని నెలలుగా వారానికి రెండు రోజులే వెళ్తున్నాడంటే ఆగే దశ దాటింది. మందుల గురించి భయపడుతున్నారు కదా. 2008లో ఆందోళన ఉన్న 488 మంది పిల్లలతో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే మాటల చికిత్స ఒక్కటే ఇచ్చినప్పుడు 60 శాతం మందికి బాగా నయమైంది, మందు ఒక్కటే ఇచ్చినప్పుడు 55, రెండూ కలిపితే 81. ఉత్తుత్తి మాత్రతో 24. అంటే మందు లేకుండానే మొదలుపెట్టవచ్చు. సరిపోకపోతే మందు కలపడం ఓటమి కాదు. వాడితే మాత్రం డాక్టరు పర్యవేక్షణలోనే. మొదటి వారాల్లో చిరాకు, అశాంతి, చచ్చిపోవాలన్న మాటలు వస్తున్నాయేమో దగ్గరగా కనిపెట్టాలి, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు దగ్గర తొలిరోజే గొడవల సంగతి దాచకుండా చెప్పండి. అది చెప్పకపోతే వాళ్లు కడుపుకే వైద్యం చేస్తూ ఉంటారు.

మీరు కూడా రాత్రుళ్లు నిద్రపోవట్లేదని ఉత్తరంలో ఒక మూల రాశారు. అదే డాక్టరుకి మీ సంగతి కూడా చెప్పండి. అమ్మ మొహంలో భయం ఉందా లేదా అని వాడు రోజంతా చూస్తూనే ఉంటాడు.

మళ్లీ ఆ గడప దగ్గరికి వద్దాం. ఈసారి తలుపు తీసినప్పుడు వాడు కనిపిస్తే వెంటనే ఎత్తుకెళ్లొద్దు. పక్కన కూర్చోండి. మీవారు కూడా బయటికి రావాలి, ఇద్దరూ కలిసి ఉన్నట్టు వాడు చూడాలి. "మా గొంతులు వినిపించాయా? భయమేసిందా?" అని అడగండి. ఏమీ అనకపోయినా పర్వాలేదు. "మేం డబ్బు గురించి మాట్లాడుకుంటున్నాం. అది పెద్దవాళ్ల పని, మేం చూసుకుంటాం. నేను ఎక్కడికీ వెళ్లట్లేదు. నువ్వు కాపలా కాయక్కర్లేదు, నాన్నా" అని చెప్పి, వాణ్ని నడిపించుకుంటూ తీసుకెళ్లి పడుకోబెట్టండి. రెండో రోజు మళ్లీ వస్తాడు. మళ్లీ అదే చెప్పండి.